చెలక మట్టిని ఎర్రగానే ఉండనివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో పాఠకులు పంపిన మన జిల్లాల ఫొటోలు వేస్తున్నారు కదా, ఈ ఉత్తరం వాటి గురించే. రామప్ప చెరువు, లక్నవరం, పాకాల, బొగత జలపాతం, ఖిలా వరంగల్ తోరణాలు, ఇవన్నీ పేపర్లో చూస్తుంటే సంతోషంగా ఉంటుంది, తీసిన పిల్లల కన్ను కూడా బాగుంది, ఎక్కడ నిలబడాలో ఏ పొద్దుకు పోవాలో వాళ్లకు తెలుసు. కానీ కొన్ని నెలలుగా ఒక సంగతి నన్ను ఇబ్బంది పెడుతోంది. చాలా ఫొటోలకు ఒకటే రంగు ఉంటోంది. ఆకాశం పాలిపోయి, పచ్చదనం ఎండుగడ్డిలా మారి, నీడలు బూడిదలా తేలి, అంతటా లేత పసుపు పొగ కమ్మినట్టు కనిపిస్తోంది. కింద 'పాత ఫిల్మ్ లుక్' అని రాస్తున్నారు.

నేను 1994 నుంచి 2007 దాకా హన్మకొండలో ఒక కలర్ ల్యాబ్‌లో ప్రింటింగ్ మెషిన్ మీద పనిచేశాను. ఆ పదమూడేళ్లలో ఎన్ని రీళ్లు నా చేతుల మీదుగా పోయాయో నేను లెక్క పెట్టలేదు. పెళ్లిళ్లు, మేడారం జాతర, కాలేజీ టూర్లు, పొలం గట్టు మీద కుటుంబమంతా నిలబడి దిగినవి, అన్నీ చూశాను. ఇప్పుడు ఫోన్‌తోనూ ఒక డిజిటల్ కెమెరాతోనూ చెరువులూ గుట్టలూ తీసుకుంటాను, వాటికి నాకు అలవాటైన ఆ ఫిల్మ్ రంగు తెచ్చుకోవడానికి కంప్యూటర్ ముందు గంటలు గంటలు కూర్చుంటాను. అంటే ఫిల్మ్ లుక్ కోసం ఎడిట్ చేయడం తప్పని నేను అనడం లేదు, నాకూ అదే ఇష్టం. ఫిల్మ్ మాత్రం అట్లా ఉండేది కాదు, అదే చెప్పాలని కూర్చున్నాను.

ఈ పిల్లలు పాత ఫిల్మ్ అనుకుంటున్నది నిజానికి పాతబడిన ప్రింట్. కలర్ ప్రింట్ కాగితంలో మూడు రంగులుంటాయి, సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), మెజెంటా (ముదురు గులాబీ), ఎల్లో. ఏళ్లు గడిచే కొద్దీ ఈ మూడూ ఒకే వేగంతో వెలిసిపోవు. బీరువాలో ఆల్బమ్‌లో ఉన్న ఫొటోల్లో ఎక్కువగా సయాన్ ముందు పోతుంది, అందుకే మన ఇళ్లలో పాత ఫొటోలు ఎర్రబారి, తెలుపంతా పసుపెక్కి ఉంటాయి. గోడకు వేలాడదీసి ఎండ తగిలితే ఇంకో తీరుగా పోతాయి. ఇప్పుడు ఫోన్లలో దొరికే ప్రీసెట్లు, అంటే ఒక్క నొక్కుతో ఫొటో రంగు మార్చే రెడీమేడ్ సెట్టింగులు, చాలా వరకు ఈ వెలిసిన రంగును చూసి చేసినవే. అదే ఫొటో నెగెటివ్ బాగా దాచి ఉంటే, ఇవాళ మళ్లీ ప్రింట్ వేసి పక్కన పెట్టి చూడండి, ఆకాశం ఎంత నీలంగా ఉంటుందో, అమ్మ కట్టుకున్న చీర అంచు ఎంత స్పష్టంగా ఉంటుందో. మాకు కస్టమర్ వచ్చి కవర్ విప్పినప్పుడు కనిపించిన రంగు అది. ఆ రంగు కోసమే డెవలపర్‌ను, అంటే రీలు కడిగే రసాయనాన్ని, 37.8 డిగ్రీల దగ్గర నిలబెట్టుకునేవాళ్లం, రీలు మెషిన్ లోపల ఉండగా కరెంట్ పోతే మాకు ఎంత టెన్షనో ఆ రోజుల్లో పనిచేసినవాళ్లకే తెలుసు.

ఇంకో సంగతి ఉంది, ఇది ల్యాబ్ బయటివాళ్లకు పెద్దగా తెలియదు. ఫిల్మ్ రంగు అనుకునేదాంట్లో సగం ఫిల్మ్‌ది, సగం ప్రింట్ వేసినవాడి చేతిది. మా మెషిన్ మీద సయాన్, మెజెంటా, ఎల్లో, డెన్సిటీ (ఫొటో ఎంత ముదురుగా రావాలో) అని మీటలుండేవి. మెషిన్ ప్రతి నెగెటివ్‌నూ చూసి, ఫొటోలోని రంగులన్నీ కలిపితే సగటున బూడిద రంగు రావాలి అన్న లెక్కతో తనంతట తాను రంగు సరిచేసేది. ఇంట్లో దిగిన ఫొటోకు, బజార్లో దిగిన ఫొటోకు ఆ లెక్క సరిపోయేది. వరి పొలం ముందు దిగితే మాత్రం తప్పేది, ఎందుకంటే ఫ్రేమంతా పచ్చే కాబట్టి పచ్చ ఎక్కువైందనుకుని తగ్గించేది, దాంతో మనుషుల ముఖాలు గులాబీ రంగుకు తిరిగేవి. ఎర్ర చెలకలో దిగితే ఎరుపు ఎక్కువైందనుకుని దాన్ని కోసేసేది, అప్పుడు మట్టి బూడిదలా, తెల్ల ధోవతి నీలంగా వచ్చేవి. దీనికి ల్యాబ్ వాళ్ల భాషలో 'సబ్జెక్ట్ ఫెయిల్యూర్' అనే పేరుంది. మెషిన్ తప్పు చేసిన చోట చేత్తో మీటలు నొక్కి సరిచేయడమే ఆపరేటర్ పని.

నేను చేరిన కొత్తలో ఇది తెలియక ఒక రీలు మొత్తం ఆటోమేటిక్‌లో వేసి ఇచ్చాను. నర్సంపేట దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, కొత్తగా కొన్న ఎడ్లతో తన చెలకలో దిగిన ఫొటోలవి. రెండు రోజులకు కవర్ పట్టుకుని మళ్లీ వచ్చాడు. "తమ్మీ, ఎడ్లు నావే, నేను నేనే, గని చెలక మాది కాదు" అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగానే ఎక్కడో తేడా వచ్చిందని అడిగాడు. అప్పుడు మా సీనియర్ ఆ నెగెటివ్ తీసి, సయాన్ తగ్గించి, డెన్సిటీ కొంచెం పెంచి వేస్తే మట్టి మట్టిలా వచ్చింది, ఆయన దాన్ని కౌంటర్ మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ రోజు నుంచి నేను ఫొటోలో మనిషి ముఖం తర్వాత చూసేది మట్టినే.

ఆ మెషిన్ చేసిన తప్పే ఇవాళ ఫోన్లో ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే వెలుతురును బట్టి ఫోన్ తనంతట తాను రంగు సరిచేసే ఏర్పాటు, చేస్తోంది. ఎర్ర నేలకు, మోదుగు పూల అడవికి, నారుమడికి ఫోన్ పెట్టి చూడండి, ఫ్రేములో ఒకే రంగు నిండగానే దాన్ని చప్పగా చేసేస్తుంది. ఫిల్మ్‌కు ఆటో అనేది లేదు. మామూలు రీళ్లన్నీ పగటి వెలుతురుకు, అంటే వెలుతురు రంగును కొలిచే లెక్కలో సుమారు 5500 కెల్విన్‌కు, సరిపోయేటట్టు తయారైనవి. పొద్దున ఆరింటికి తీస్తే ఆ పసుపు అట్లాగే పడేది, చెట్టు నీడలో తీస్తే నీలం జీర పడేది, ప్రింట్‌లో కొంత సరిచేసినా ఆ గంట ఏదో ఫొటోలో తెలిసేది. అందుకని ఫిల్మ్ లుక్ కావాలనుకునేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట, ప్రీసెట్ కంటే ముందు వైట్ బ్యాలెన్స్‌ను పగటి వెలుతురు గుర్తు మీద పెట్టి వదిలేయండి. ఈ ఒక్క పనితోనే చాలా దూరం వస్తారు. వీలైతే రా ఫైల్‌లో (కెమెరా రంగులు మార్చకుండా దాచే ఫైల్) తీయండి, ఫోన్లోనైతే ప్రో మోడ్ ఉంటుంది, హెచ్‌డీఆర్ ఆపేయండి, అది ఎండనూ నీడనూ ఒక్కటి చేసి పారేస్తుంది.

వెలుతురు దగ్గర ఫిల్మ్‌కూ డిజిటల్‌కూ నిజమైన తేడా ఉంది. రామప్ప చెరువు కట్ట మీద సాయంత్రం నిలబడితే నీళ్ల మీద సూర్యుడు మెరుస్తుంటాడు. నెగెటివ్ ఫిల్మ్ వెలుతురు ఎక్కువైనా ఓర్చుకుంటుంది, ఆ మెరుపు నెమ్మదిగా, మెట్టు మెట్టుగా తెలుపులో కలుస్తుంది. డిజిటల్‌కు ఆ ఓర్పు లేదు, ఒక హద్దు దాటిందంటే అక్కడ ఇక ఉత్త తెల్ల కాగితమే, ఎంత ఎడిట్ చేసినా లేనిది తిరిగి రాదు. ఫిల్మ్‌లో నీడలకు సరిపడా వెలుతురు ఇచ్చేవాళ్లం, డిజిటల్‌లో మెరుపును కాపాడుకునేలా కొంచెం తక్కువ వెలుతురుతో తీసి, తర్వాత నీడలను పైకి తెచ్చి, టోన్ కర్వ్ (ఎడిటింగ్‌లో నలుపు నుంచి తెలుపు దాకా వెలుగును సర్దే గీత) పై కొసను, అంటే తెలుపు వైపును, మెల్లగా వంచాలి. పై కొసను మాత్రమే. కింది కొసను ఎత్తి నలుపును బూడిద చేయడం ప్రీసెట్ల అలవాటు, మంచి ప్రింట్‌లో నలుపు నలుపుగానే ఉండేది. రామప్ప గుడినే తీసుకోండి, 1213 నాటి శాసనం ఉన్న గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గోడలు ఎర్రటి ఇసుకరాయి, మదనికలు (నాట్యం చేసే స్త్రీ శిల్పాలు) నున్నటి నల్లరాయి. ఆ శిల్పి ఈ రెండు రంగులను పక్కపక్కన పెట్టింది ఊరికే కాదు కదా. నలుపును ఎత్తేసిన ఫొటోలో ఆ మదనికలు సిమెంట్ బొమ్మల్లా కనిపిస్తున్నాయి, గోడ గోధుమ రంగుకు వచ్చింది. పోయిన నెల మీ పేజీలో ఆ ఫొటో చూసి నాకు బాధ కలిగింది.

ఎరుపూ నారింజా దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఎడిటింగ్‌లో ఒక్కో రంగును సర్దడానికి జరిపే ఒక్కో స్లైడర్ ఉంటుంది, మన దిక్కు రంగంతా ఆ రెండు స్లైడర్ల మధ్యే ఉంది. చెలక మట్టి అక్కడే, రామప్ప రాయి అక్కడే, ఫిబ్రవరి మార్చిలో ములుగు అడవిలో విరగబూసే మోదుగు అక్కడే, ఎనుమాముల మార్కెట్‌లో కుప్పలు పోసిన మిర్చి అక్కడే. మనిషి ఒంటి రంగు కూడా అక్కడే ఉంటుంది కాబట్టి ప్రీసెట్ చేసేవాళ్లు ముఖాలను చూసుకుని నారింజను తగ్గించడమో తిప్పడమో చేస్తారు. దాన్ని తెచ్చి మన నేల మీద వేస్తే ఈ నాలుగూ ఒకేసారి చచ్చిపోతాయి. నేను చేసేదేమంటే, మోదుగు ఫొటోకు ముందు ఎక్స్‌పోజరే తగ్గించి తీస్తాను, ఎందుకంటే ఆ పువ్వుకు ఎరుపు ఛానెల్ (కెమెరా ఎరుపును నమోదు చేసే భాగం) తొందరగా నిండిపోయి రేకుల మడతలు పోతాయి. తర్వాత నారింజ స్లైడర్‌లో రంగును కదిలించకుండా దాని వెలుగు మాత్రం కొంచెం దించుతాను. ఫిల్మ్‌లో గాఢమైన రంగు వెలిగిపోదు, బరువుగా ఉంటుంది. ఆ బరువు వస్తే చాలు, సాచురేషన్ (రంగు చిక్కదనం) పెంచే పని ఉండదు.

పచ్చ సంగతి రైతు బిడ్డలకు నేను చెప్పనక్కర లేదు. నారుమడి పచ్చ వేరు, నాటేసి కుదురుకున్న మడి పచ్చ వేరు, పొట్ట మీదున్న వరి పచ్చ వేరు. పచ్చను ఎండుగడ్డి రంగుకు తిప్పే ప్రీసెట్ వేశాక మూడూ ఒకటే అవుతాయి, అది ఆగస్టు ఫొటోనో అక్టోబర్ ఫొటోనో చెప్పలేం. ఫిల్మ్‌లో పచ్చ డిజిటల్‌లో ఉన్నంత కొట్టొచ్చినట్టు ఉండదు, అది నిజమే, రవ్వంత పసుపు వైపు జరిపి, కొంచెం ముదురు చేస్తే సరిపోతుంది. రవ్వంతే.

పేర్ల గురించి కూడా ఒక మాట. పిల్లలు 'పోర్ట్రా' ప్రీసెట్ అని ఎక్కువ వాడుతున్నారు. కొడాక్ వాళ్లు 1998లో తెచ్చిన ఆ ఫిల్మ్ ముఖ్యంగా మనుషుల ఫొటోల కోసం, చర్మం రంగు మెత్తగా రావాలని చేసినది, పేరు కూడా అందుకే అట్లా పెట్టారు. చెరువుకూ గుట్టకూ అదే ఎందుకు? ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లు ప్రపంచమంతా ఇష్టపడింది ఫ్యూజీ వాళ్ల వెల్వియా, 1990లో వచ్చింది, స్లైడ్ ఫిల్మ్ (నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చేది), రంగులు చిక్కగా ఉంటాయి, వెలుతురు కొంచెం అటూ ఇటూ అయినా క్షమించదు. మా ల్యాబ్‌లో స్లైడ్లు కడిగే ఏర్పాటు లేదు, ఎవరైనా తెస్తే హైదరాబాద్ పంపేవాళ్లం. మన దగ్గర జనం వాడింది కొడాక్ గోల్డ్, కోనికా, ఫ్యూజీ మామూలు రీళ్లు. వరంగల్ పాత ఫొటోలా ఉండాలంటే ఆ రీళ్ల రంగు చూసి కలపాలి. గ్రెయిన్ (ఫిల్మ్‌లో కనిపించే సన్నటి చుక్కలు) కూడా అంతే, 100, 200 స్పీడ్ మామూలు రీలు పోస్ట్‌కార్డు సైజులో వేస్తే గ్రెయిన్ కంటికి కనిపించేది కాదు, ఇప్పుడు ఇసుక చల్లినట్టు వేస్తున్నారు. దాని బదులు ఫోన్ చేసే అతి షార్ప్‌నెస్ తగ్గించండి, ఆకుల అంచులు మెత్తబడతాయి, ఫిల్మ్‌కు దగ్గరవుతుంది.

నేను పాటించే పద్ధతి ఒకటే, ప్రీసెట్‌తో పోల్చను, ఆ చోటుదే పాత నెగెటివ్‌తో పోలుస్తాను. ట్యాబ్‌లో తెల్లటి తెర పెట్టి, నెగెటివ్‌ను దాని మీద రెండు వేళ్ల ఎత్తులో ఉంచి (తెర చుక్కలు పడకుండా ఉండాలంటే ఆ ఎడం కావాలి) కెమెరాతో తీస్తాను. కంప్యూటర్‌లో రంగులు తలకిందులు చేశాక (నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా) మొత్తం నీలంగా వస్తుంది, నెగెటివ్‌లో ఉండే నారింజ పొర వల్ల అది, రీలు అంచున బొమ్మ లేని చోటును చూసి ఆ నీలాన్ని తీసేయాలి. అప్పుడు కొత్త ఫొటోను పక్కన పెట్టి మొదట మట్టిని కలుపుతాను, తర్వాత నలుపును, ఆ తర్వాత ఆకాశాన్ని. ఒక ఫొటోకు ఒక సాయంత్రం పడుతుంది.

ఇక్కడ నా నష్టం ఒకటి చెప్పుకోవాలి. 2023 జూలై చివర్లో కురిసిన వానలకు మా ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. కింది అరలో ఉన్న నెగెటివ్ డబ్బాలు రెండు రోజులు బురదలో నానాయి. అటకెక్కించిన బియ్యం బస్తాలు మిగిలాయి, ఇవి మిగలలేదు. ఒకదానికొకటి అతుక్కున్నవాటిని తొందరపడి ఎండలో ఆరబెట్టాను, అది పెద్ద తప్పు, మంచినీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీసి ఉంటే ఇంకా చాలా బతికేవి. ల్యాబ్‌లో అన్నేళ్లు చేసి కూడా ఆ గాబరాలో నాకు తోచలేదు. మీ పాఠకుల్లో ఎవరింట్లోనైనా నెగెటివ్‌లు ఉంటే పై అరకు మార్చమని వేడుకుంటున్నాను, తడిస్తే ఆరనివ్వకుండా నీళ్లలోనే ఉంచమనీ.

మిగిలినవాటిలో కరీంనగర్ దారిలో తీసిన ఒక గుట్ట ఫొటో ఉంది, 1999ది. అదే చోట నిలబడి పోయిన చలికాలంలో మళ్లీ తీశాను. మట్టి కలిసింది, ఆకాశం కలిసింది, గుట్ట కలవలేదు, సగం లేదు. గ్రానైట్ కోసం కోసుకుపోయారు. ఒక పక్క మెట్లు మెట్లుగా తెల్లటి కోత, అడుగున పచ్చటి నీళ్ల గుంత. ఆ రెండు ఫొటోలనూ ఒకే రంగుకు తెచ్చాను కాబట్టే చూసినవాళ్ల కన్ను సూటిగా గుట్ట మీదికి పోతోంది. కొత్తదాని మీద పసుపు పొగ వేసి ఉంటే అది కూడా పాత జ్ఞాపకంలా అందంగా కనిపించేదేమో. నా భయమంతా అదే. చూడాల్సినదాన్ని రంగు కప్పేయకూడదు.

ఆకాశం మార్చడం గురించి మాత్రం గట్టిగానే చెప్తాను. లక్నవరం వేలాడే వంతెన మీద ఎక్కడివో ఊదా మబ్బులు అతికించిన ఫొటో మొన్న వేశారు, వంతెన నీడ ఒక వైపు పడుతోంది, అతికించిన సూర్యుడు కూడా ఆ వైపే ఉన్నాడు. రంగు కలపడం వేరు, లేనిది తెచ్చి పెట్టడం వేరు. మే నెలలో మన ఆకాశం దుమ్ముతో తెల్లగా ఉంటుంది. ఉండనివ్వండి, అది మన ఎండాకాలం.

మీ వైపు నుంచి ఒక చిక్కు కూడా ఉంది, ఇది మీ ప్రెస్ వాళ్లకు తెలిసే ఉంటుంది. న్యూస్‌ప్రింట్ కాగితమే బూడిద తెలుపు, సిరా కొంచెం పాకుతుంది, నలుపు ఎప్పుడూ పూర్తి నలుపు కాదు. ఫోన్ తెర మీద మెత్తగా కనిపించిన వెలిసిన రంగు ఆ కాగితం మీదికి వచ్చేసరికి బురదలా అవుతోంది. పంపిన పిల్లలు కూడా పేపర్లో చూసుకుని చిన్నబోయి ఉంటారు.

అందుకని నా విన్నపం. ఫొటోలు అడిగేటప్పుడు ఎడిట్ చేసినదానితో పాటు అసలు ఫైల్ కూడా పంపమనండి, ఆకాశం మార్చినవి వద్దని రాయండి, వేసిన ప్రతి ఫొటో కింద ఊరూ నెలా ఉండేలా చూడండి. దాంతో పాటు వారానికి ఒక చిన్న చోటు ఇవ్వండి, ఒకే చెరువుదో గుట్టదో పాత నెగెటివ్ నుంచి వేసిన ఫొటో ఒకటి, అదే చోట ఇప్పుడు తీసి ఆ రంగుకు కలిపినది ఒకటి, పక్కపక్కన. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ ఇళ్లలో ఆల్బమ్‌ల వెనక జేబుల్లో ఇంకా నెగెటివ్‌లు ఉన్నాయి, మేం ప్రింట్లతో పాటు అదే కవర్‌లో పెట్టి ఇచ్చేవాళ్లం. పంపిన నెగెటివ్‌లు భద్రంగా తిరిగి ఇస్తామని మీరు మాట ఇస్తే జనం తీస్తారు. వాటిని తలకిందులు చేసి రంగు తేవడానికి మనిషి కావాలంటే నేను ఆదివారాలు మీ ఆఫీసుకు వస్తాను, డబ్బులేమీ వద్దు.

1997 నాటి పాకాల కట్ట, మత్తడి రీలు ఒకటి వరదకు చిక్కకుండా నా దగ్గర ఉంది. ముప్పై ఆరింటిలో పదకొండు బాగున్నాయి. ఈసారి మత్తడి పడగానే వెళ్లి అదే చోట నుంచి తీస్తాను, మొదటి వారానికి అవి పంపగలను.

ఇట్లు,
మీ పాఠకుడు, హన్మకొండ